యల్లాప్రగడ సుబ్బారావు: ఒక మందు వెనుక జీవితం

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రచురించిన ఒక వ్యాసం పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు కొత్త దారి చూపింది. అంతకుముందు ఆ వ్యాధి సోకిన పసివారికి వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టిందని ఆ వ్యాసం వెల్లడించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా ఒక రసాయనంతో రక్త క్యాన్సర్‌ను వెనుకకు నెట్టవచ్చునని మొదటిసారిగా రుజువైంది. ఆ మందును తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతి భీమవరంలో పుట్టిన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. వ్యాసం వెలువడిన రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు.

1895 జనవరి 12న పేద కుటుంబంలో జన్మించిన సుబ్బారావు చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. సన్యాసం వైపు మనసు మళ్లినా తల్లి వెంకమ్మ అంగీకరించలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరిన తరువాత గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స శిక్షణకు కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆ రోజులలోనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలైపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి చిక్కి శల్యమయ్యే ఆ జబ్బుకు అప్పట్లో సరైన మందు లేదు. వైద్యం చేయడం కంటే మందులు కనుగొనడం ముఖ్యమన్న తలంపు సుబ్బారావులో బలపడడానికి ఈ మరణాలే కారణమని చెప్పుకోవచ్చు. మామగారు, కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేసిన సాయంతో 1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్ చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. ఆయన తిరిగి రానేలేదు.

హార్వర్డ్‌లో చదువు, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే కొలువు: ఈ రెంటి మధ్య తొలి రోజులు గడిచాయి. తరువాత సైరస్ ఫిస్క్ వద్ద జీవరసాయన పరిశోధనలో చేరారు. శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచేందుకు 1925లో వారిద్దరూ ప్రకటించిన పద్ధతి నేటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగానే వ్యవహారంలో ఉంది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాల శక్తి నాణెం అనదగిన ఏటీపీని వెలికితీశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. మనవారి ప్రతిభను మనం గుర్తించలేదని తరచూ వాపోతుంటాం. ఈ విషయంలో అమెరికా కూడా తక్కువ తినలేదు.

1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థకు మారారు. అక్కడి ఎనిమిదేళ్లే ఆయన జీవితంలో అతి ఫలవంతమైన కాలం. బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేసే డైఇథైల్‌కార్బమజైన్, అంటే డీఈసీ, ఆయన సారథ్యంలోనే వెలువడింది. గోదావరి జిల్లాల వారికి ఈ మందు గురించి వేరే చెప్పనక్కరలేదు. పుదుచ్చేరిలో సారం పేటకు అంతగా దూరం లేని ఇందిరానగర్‌లో భారత వైద్య పరిశోధన మండలి నడిపే రోగవాహక నియంత్రణ పరిశోధన కేంద్రం కూడా, ఊరంతటికీ ఈ మాత్రను ఏడాదికోసారి ఇచ్చి ఫైలేరియాను అరికట్టే విధానంపై సంవత్సరాల తరబడి అధ్యయనాలు జరిపింది.

లెడర్లీలో సాధించిన విజయాలలో క్యాన్సర్ కథకు మూలమైనది మాత్రం ఫోలిక్ ఆమ్లం. కాలేయంలో స్వల్పంగా లభించే ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసినట్లు సుబ్బారావు బృందం 1945లో ప్రకటించింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి అది మందుగా పనిచేసింది. కాని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను ఇచ్చి చూసిన ఫార్బర్‌కు, వ్యాధి మరింత ఉద్ధృతమవుతున్నట్లు కనిపించింది. విటమిన్ మేలు చేయకపోతే, దానిని అడ్డుకునే పదార్థం మేలు చేయవచ్చు కదా! లెడర్లీ రసాయనవేత్తలు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని చెడగొట్టే అణువులను తయారుచేసి పంపారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దాని వెంటనే వచ్చినది మెథోట్రెక్సేట్.

ఈ అణువు పనితీరు 1950ల చివర స్పష్టమైంది. కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ కావాలి. డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్ కావాలి. ఆ ఫోలేట్‌ను వినియోగానికి సిద్ధం చేసే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ప్రోటీన్‌కు మెథోట్రెక్సేట్ గట్టిగా అతుక్కుని దానిని పనిచేయనివ్వదు. గర్భిణులలో మావి కణజాలం నుంచి పుట్టే కోరియోకార్సినోమాను 1950లలో ఈ మందుతోనే నయం చేయగలిగారు. నేడు కీళ్లవాతానికి కూడా తక్కువ మోతాదులో దీనినే వాడుతున్నారు.

చికిత్సతో దాని ప్రస్థానం ఆగిపోలేదు. కణాన్ని అర్థం చేసుకోవడానికి అది పరికరంగా కూడా మారింది. మందుకు లొంగని కణాలు ఆ ప్రోటీన్ జన్యువునే అనేక ప్రతులుగా పెంచుకుంటున్నాయని 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం చూపింది. క్యాన్సర్ మొండికేయడానికి గల ఒక కారణం అలా బయటపడింది. కణం తనకు అక్కరలేని ప్రోటీన్లను గుర్తుపెట్టి, మడతలు విప్పి, ముక్కలు చేస్తుంది. ఈ విచ్ఛిన్న వ్యవస్థను పరిశీలిస్తున్న అలెగ్జాండర్ వార్షవ్‌స్కీ బృందం కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేసింది. విచ్ఛిన్నం కావలసిన డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌కు మెథోట్రెక్సేట్ అతుక్కుంటే విచ్ఛిన్నం నిలిచిపోయింది. మడత విప్పనిదే ప్రోటీన్‌ను తెంచడం సాధ్యం కాదన్న అవగాహనకు అది బలమిచ్చింది. క్యాన్సర్‌కు తోడ్పడే ప్రోటీన్లను కణం చేతనే తుడిచివేయించే అణువులు ఇప్పుడు పరిశోధనశాలల్లో రూపుదిద్దుకుంటున్నాయి. సుబ్బారావు బృందం అణువు ప్రోటీన్‌ను కదలనివ్వక పట్టి ఉంచితే, ఇవి అదే ప్రోటీన్‌ను విచ్ఛిన్నానికి అప్పగిస్తాయి.

వార్షవ్‌స్కీ బృందం ఆ ఫలితాన్ని ప్రచురించినది 1995లో. భీమవరం బిడ్డ శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ల విడుదల చేసినది కూడా ఆ సంవత్సరమే.