మోలియేరు

రాయలసీమలో తోలుబొమ్మలాట చూచినవారికి కేతిగాడు, బంగారక్క సుపరిచితులు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వారికి వారిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. వారి మాటలకు జనులు కడుపుబ్బ నవ్వుదురు. ఆ నవ్వులో తమ లోపములనుగూడ గుర్తింతురు. ఇట్టి నవ్వునకై జీవితమంతయు ధారవోసిన మహానటుడు ఫ్రాన్సు దేశమున నొకడుండెను. అతడే మోలియేరు.

అతని అసలు పేరు జాన్ బాప్తిస్త్ పోక్లాన్. 1622వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. తండ్రి రాజమందిరమునకు పరుపులు, తెరలు సమకూర్చు కొలువు గలవాడు. కుమారుడును ఆ కొలువే చేయవలెనని అతని కోరిక. కాని బాలుని మనస్సు రంగస్థలముపై లగ్నమయ్యెను. 1643లో అతడు మిత్రులతో గూడి నాటకసమాజమును స్థాపించెను. ప్రేక్షకులు రాలేదు, అప్పులు పెరిగెను. 1645లో ఋణదాతలు అతనిని చెరసాల పాలుచేసిరి. విడుదలయైన పిదప అతడు నిరుత్సాహపడక, పండ్రెండేండ్లకు పైగా ఊరూర తిరిగి నాటకములాడెను. ఆ సంచారమే అతనికి పాఠశాల. లోభులను, డాంబికులను, దొంగవైద్యులను అతడు దగ్గరగా పరిశీలించెను.

1658లో పదునాలుగవ లూయీ రాజు ఎదుట నాటకమాడి మెప్పు వడసెను. 1664లో ‘తార్తూఫ్’ను ప్రదర్శించెను. భక్తుని వేషముతో ఒక గృహస్థుని ఇల్లు కాజేయజూచిన కపటి కథ అది. మతాధికారులు మండిపడిరి. రాజు దానిని నిషేధించెను. 1667లో కొంత మార్చి ఆడగా మరల నిషేధము కలిగెను. మోలియేరు పట్టు విడువలేదు. తుదకు 1669లో అనుమతి లభించెను.

1673 ఫిబ్రవరి 17వ తేదీన, లేని రోగమును ఊహించుకొని వైద్యుల నాశ్రయించు వాని పాత్రను ధరించి అతడు రంగమెక్కెను. నటుడు మాత్రము నిజముగనే రోగి. ప్రదర్శన మానినచో పనివారికి ఆనాటి కూలి పోవునని అతడు వెనుదీయలేదని చెప్పుదురు. కష్టముతో నాటకము ముగించి, ఆ రాత్రియే కన్నుమూసెను. నటులకు మతసంస్కారములు నిరాకరించు కాలమది. భార్య రాజును వేడుకొనగా, రాత్రివేళ నిరాడంబరముగ ఖననము జరిగెను.

అతడు పోయినను అతని నవ్వుకు వెరచువారు పోలేదు. అప్పుడు కెనడా ఫ్రాన్సు ఏలుబడిలో నుండెను. 1694లో క్విబెక్కులో ఆ దేశపు గవర్నరు ‘తార్తూఫ్’ నాడింప సంకల్పింపగా, అచటి బిషప్పు గవర్నరునకు ధనమిచ్చి మాన్పించెను!

ఇరువదవ శతాబ్దమున, ఆంగ్లేయుల పాలనలో, రాజమహేంద్రవరమున ఉపాధ్యాయుడైన భమిడిపాటి కామేశ్వరరావు మోలియేరు ప్రహసనములను తెలుగు సంసారములకు తగినట్లు మలచెను. వేషభాషలు మారినను కపటము, లోభము ఎల్లెడల నొక్కటియే. వానిని నవ్వుతో దిద్దజూచినవాని కీర్తికి దేశకాలముల ఎల్లలు లేవు.