కాలువ గట్టున ధర్మపరీక్ష

పవిత్రగ్రంథాన్ని పట్టువస్త్రంలో చుట్టి పూజామందిరంలో భద్రపరచడం సులభం. కష్టకాలంలో దాని ఉపదేశాన్ని ఆచరించడమే కష్టం. ఏ మతానికి చెందినవారికైనా ఈ పరీక్ష తప్పదు. అటువంటి పరీక్షకు మూగసాక్షి ఒకటి మన నెల్లూరు తీరంలోనే ఉంది. విడవలూరు మండలంలోని రామతీర్థానికి వెళ్లి, రామలింగేశ్వరస్వామిని దర్శించి సముద్రస్నానం చేసే భక్తులకు బకింగ్‌హామ్ కాలువ సుపరిచితమే. ఒకనాడు సరుకుల పడవలతో కళకళలాడిన ఆ కాలువ పనులలో కొంత భాగం 1876-78 నాటి ధాత కరవులో, ఆకలితో అలమటించిన కూలీల చేతుల మీదుగా సాగింది. ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్న వ్యక్తి జాన్ ఎవరెట్ క్లౌ అనే క్రైస్తవ బోధకుడు.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనారంభంలోనే భూముల సర్వే పనిలో చేరి అడవులలో గొలుసులు పట్టి కొలతలు వేశారు. అప్పట్లో ఆయనకు దైవచింతన లేదు. విద్యార్థి దశలో తన గదిలోని సహాధ్యాయి నిత్యం ప్రార్థన చేయడం నచ్చక, గది మధ్య సుద్దముక్కతో గీత గీసి, ప్రార్థన ఆ గీతకు అవతలే సాగాలని శాసించారట. అయితే కొంతకాలానికి ఆయనే ఆ గీత దాటి ప్రార్థనలో కూర్చున్నారు. 1858లో బాప్తిస్మం పొందారు.

1864 నవంబరు 30న భార్య హారియెట్‌తో కలిసి బోస్టన్ రేవులో ఓడ ఎక్కిన క్లౌ, మరుసటి ఏడాది నెల్లూరు చేరారు. 1840లో అక్కడ ప్రారంభమైన అమెరికన్ బాప్టిస్టు మిషను, ఆశించిన ఫలితం కనిపించక మూతపడే స్థితిని పలుమార్లు ఎదుర్కొంది. లైమన్ జ్యూయెట్ అనే బోధకుని పట్టుదల వల్లనే అది నిలిచింది. క్లౌ నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలుకు తరలివెళ్లారు. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగమే.

తొలి పరీక్ష అక్కడే ఎదురైంది. క్లౌ దంపతుల పాఠశాలకు అగ్రవర్ణాల బాలురు రాసాగారు. పట్టణ ప్రముఖులు ఆదరించారు. ఇంతలో మాదిగ కులస్థులు కొందరు వచ్చి తమను శిష్యులుగా స్వీకరించమని వేడుకున్నారు. వారిని చేర్చుకుంటే తాము ఉండలేమని పెద్దలు స్పష్టం చేశారు. క్లౌ దిక్కుతోచక తన గదిలోకి వెళ్లి బైబిలు తెరిచారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయం కంటపడింది. లోకం అల్పులని తలచేవారినే దేవుడు ఏరుకుంటాడన్నది అక్కడి సారాంశం. భార్యకు చెబుదామని ఆమె గదికి వెళ్లగా, ఆమె కూడా ఆ క్షణంలో ఆ భాగాన్నే చదువుతున్నారు. ఇక సందేహం మిగలలేదు. పేదలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది. క్లౌ వెనుదిరగలేదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఒకప్పుడు యోగమార్గంలో సాధన చేసిన పేరయ్య పల్లెపల్లెకూ తిరిగి బోధించారు.

పదేళ్లు గడిచాయి. వానలు ముఖం చాటేశాయి. మద్రాసు రాష్ట్రంలో లక్షలాది ప్రాణాలు ఆకలికి, కలరాకు బలయ్యాయి. ప్రభుత్వం కాలువ పనులను కరవు పనులుగా చేపట్టింది. ఇతర గుత్తల కింద పేదలు పడే అవస్థలను గమనించిన క్లౌ, పాత సర్వే అనుభవాన్ని నమ్ముకుని స్వయంగా గుత్త తీసుకున్నారు. రాజుపాలెం వద్ద శిబిరం వెలసింది. మట్టి మోయగలిగిన ప్రతివారికీ కూలి దక్కింది. బోధకులే మేస్త్రీలుగా మారారు. విశ్రాంతివేళ వారు అలసిన జనం మధ్య కూర్చుని క్రీస్తు గాథలు చెప్పేవారు.

అసలైన పరీక్ష అప్పుడే వచ్చింది. వేలాదిమంది బాప్తిస్మం కోరుతూ ముందుకు వచ్చారు. అన్యుడైతే సంఖ్య చూసి పొంగిపోయేవాడేమో! క్లౌ మాత్రం నిరాకరించారు. అన్నం పెట్టే చేయి తనదైనప్పుడు, వచ్చేవారు దేవుని కోసం వస్తున్నారో మెతుకు కోసం వస్తున్నారో తెలుసుకోవడం ఎలా? 1877 మార్చి నుంచి పదిహేను నెలలపాటు ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

సహాయనిధి ముగిసింది. ఇక తన వద్ద ధనమూ ధాన్యమూ లేవని క్లౌ ప్రకటించారు. అయినా జనం కదలలేదు. తమకు సాయం అక్కరలేదని, చేర్చుకుంటే చాలునని పట్టుబట్టారు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

కరవే ఆ జనాన్ని నడిపించిందన్న విమర్శ నాడు వినిపించింది, నేటికీ వినిపిస్తుంది. ఆ శంక అందరికంటే ముందు క్లౌ మనసులోనే పుట్టిందన్నది గమనార్హం. తరువాతి కాలంలో పల్లెల చదువుకు, వైద్యానికి మిషను పాటుపడింది. ఒంగోలులో ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. 1910 నవంబరు 24న క్లౌ అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఆయన జీవితకథ 1914లో గ్రంథరూపం దాల్చింది.

ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నానికి ప్రతిఫలం ఆశించరాదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఫలాపేక్ష లేని కర్మను గీత ఉపదేశించింది. పరదేశం నుంచి పరమతాన్ని బోధించవచ్చిన వ్యక్తి, తాను అమితంగా కోరుకున్న ఫలమే వచ్చి వాకిట నిలిచినప్పుడు, చేయి చాచకుండా పదిహేను నెలలు ఆగారు. మనం నిత్యం పారాయణ చేసే గ్రంథం మన కోరికకే అడ్డువచ్చిన రోజున, మనం ఎవరి మాట వింటాం? ఈసారి రామతీర్థం వెళ్లినప్పుడు, ఆ కాలువ గట్టున క్షణం నిలిచి ఈ ప్రశ్న వేసుకుంటే యాత్రాఫలం మరింత దక్కుతుంది.