ఆనీ మూర్

వేదములో వంశావళులు వచ్చినచోట మనలో అనేకులము పుటలు త్రిప్పివేయుదుము. పేర్లు వెదకువారు లేనియెడల ఏమగునో ఆనీ మూర్ చరిత్రలో చూతము.

ఐర్లండులోని కార్క్ ప్రాంతపు ఈ చిన్నది ఇద్దరు తమ్ముళ్లతో క్వీన్స్‌టౌన్ రేవులో ఓడయెక్కి, 1892 జనవరి 1న న్యూయార్కు చేరెను. తలిదండ్రులు ముందుగనే అక్కడికి పోయియుండిరి. ఆ దినముననే తెరువబడిన ఎల్లిస్ దీవి కచేరీలో మొట్టమొదట వ్రాయబడిన పేరు ఈమెదే. అధికారులు 10 డాలర్ల బంగారు నాణెమును బహూకరించిరి. తరువాత ఎవరికిని ఆమె ఊసే లేదు.

ఆమె టెక్సాసుకు పోయి, ట్రాముబండి తగిలి చనిపోయెనని చాలకాలము చెప్పుకొనిరి. వంశచరిత్రలు వెదకు మేగన్ స్మోలెన్యాక్ అను స్త్రీ కాగితములు చూడగా, ఆ టెక్సాసు ఆనీ పుట్టినది ఐర్లండులో కాదు, అమెరికాలోని ఇల్లినాయిస్‌లో! 2006లో ఈమె బహుమానము ప్రకటించి జాడ తెలుపుడని అడుగగా, కొద్దికాలములోనే నిజము బయటపడెను.

అసలు ఆనీ న్యూయార్కు విడువనేలేదు. చేపల బజారులో పనిచేయు జోసెఫ్ షేయరును వివాహమాడి, బీదల పేటలో కాపురముండెను. కనిన బిడ్డలలో ఐదుగురే పెద్దవారైరి. తక్కినవారు పసితనముననే పోయిరి. బిడ్డలను పాతిపెట్టిన మన తల్లులకు ఇక మేము వేరుగ చెప్పనక్కరలేదు. 1924లో ఆమెయు గుండెజబ్బుతో చనిపోయెను. క్వీన్స్‌లోని కాల్వరీ సమాధుల తోటలో ఆమె పాతిపెట్టబడిన చోట పేరు చెక్కిన రాయైనను లేకుండెను.

2008లో అక్కడ ఐర్లండు రాతి సిలువను నిలిపిరి.