అలోయిస్ అల్జీమరు

మన యిండ్లలో కొందరు వృద్ధులు కొడుకును మనుమని పేరున పిలుతురు. చేతిలోని చెంబు పేరు తోచక తడబడుదురు. పిల్లలు నవ్వుదురు. ఇట్టి తడబాటు కొందరియందు మెదడు వ్యాధివలన కలుగునని కనుగొనిన వైద్యుని చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినది.

అలోయిస్ అల్జీమరు జర్మనీలోని మార్క్ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున 1864 జూను 14వ తేదీన జన్మించెను. 1887లో వైద్యపట్టము పొంది, మరుసటియేడు ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి మానసిక వైద్యశాలలో చేరెను. రోగులను పరీక్షించుటయు, సూక్ష్మదర్శినితో మెదడు కణములను శోధించుటయు నాతని నిత్యకృత్యములు. 1901లో భార్య ముగ్గురు పసిబిడ్డలను విడిచి మరణించెను. ఆ యేడు నవంబరులోనే అగస్టె యను 51 ఏండ్ల స్త్రీ యచ్చటికి తేబడెను.

అల్జీమరు ఆమె చెంత కూర్చుండి, ఆమె పలికిన పలుకులను శ్రద్ధగా వ్రాసికొనెను. చూపిన వస్తువుల పేర్లు ఆమె చాలవరకు సరిగనే చెప్పెడిది. కొంతసేపటికి వానిని చూచినట్లే మరచెడిది. కప్పును పాలు పోయు పాత్ర యనెడిది. చదువునపుడు ఒక పంక్తినుండి వేఱొకదానికి దాటెడిది. తన పేరునైనను పూర్తిగా వ్రాయజాలకపోయెను.

1903లో మ్యూనిక్ నగరమునకు మారినను అల్జీమరు ఆమెను మరువలేదు. 1906 ఏప్రిలులో ఆమె మరణింపగా మెదడును తెప్పించి పరీక్షించెను. అది క్షీణించియుండెను, కణములలో చిక్కుపడిన పోగులును, కణముల నడుమ మచ్చలును కనబడెను. నవంబరు 3న ట్యూబింగెన్ వైద్యసభలో ఈ సంగతి తెలుపగా నెవ్వరును చర్చింపరైరి. అయినను 1910లో క్రేపెలిన్ పండితుడు తన గ్రంథమున ఆ వ్యాధికి అల్జీమరు పేరే పెట్టెను. 1912లో బ్రెస్లావు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1915 డిసెంబరు 19న అల్జీమరు మరణించెను. అప్పుడాతని వయస్సును 51 ఏండ్లే.

ఆతడు తెరచిన దారి మన ప్రాంతమునకును వచ్చినది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడియు సహచరులును 648 మంది మతిక్షీణ రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారికి ఒక్క భాషవారికంటె సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వ్యాధి తలచూపినదని 2013లో ప్రకటించిరి. బడి మెట్టెక్కనివారియందును ఈ భేదము కనబడెను. కావున ఇంట కోయభాషయు, బడిలో తెలుగును పలుకు బాలుడు తన యింటిభాషకు సిగ్గుపడ పనిలేదు.

ఈ వ్యాధిని పూర్తిగా మాన్పు ఔషధము నేటికిని లేదు. తాతయో, అమ్మమ్మయో మాట తోచక యాగినపుడు నవ్వకుడు. ఆ వైద్యునివలె చెంత కూర్చుండి ఓపికతో వినుడు.