నొప్పి తెలియని చేతులు

వేలూరు అనగానే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది ఆసుపత్రే. ఎక్కడా తగ్గని జబ్బయితే ఒకసారి వేలూరు వెళ్లి రమ్మంటారు. ఆ సీఎంసీలో దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మాత్రం నేను మొన్నటిదాకా వినలేదు. చదివాక మీ అందరికీ చెప్పాలనిపించింది.

ఆయన 1914లో ఇప్పటి తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. అమ్మానాన్నలు ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు. తొమ్మిదేళ్లకే చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు. తర్వాత నాన్నని మళ్లీ చూడలేదు. 1929లో ఆయన ఆ కొండల్లోనే జ్వరంతో చనిపోయారు. పాల్‌కి మొదట డాక్టర్ అవ్వాలనే లేదు. స్కూలు అయ్యాక కొన్నేళ్లు వడ్రంగం, ఇళ్లు కట్టే పని నేర్చుకున్నారు. మెడిసిన్ ఆ తర్వాతే. యుద్ధం రోజుల్లో, లండన్ మీద బాంబులు పడుతుంటే, సర్జరీ నేర్చుకున్నారు. 1946లో వేలూరు వచ్చారు.

ఒకరోజు చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రి చూడ్డానికి వెళ్లారు. అక్కడ ఎటు చూసినా పంజాలా ముడుచుకుపోయిన వేళ్లే. మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి. అవి క్రిమిని ఆపగలవు కానీ, వంకరపోయిన చేతిని బాగుచెయ్యలేవు. ఆయన ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు. అతను నొక్కితే ఈయనకి నొప్పి పుట్టింది! అంత బలం ఉందంటే కండరాలన్నీ చచ్చిపోలేదన్నమాట.

అక్కడినుంచి వందలాది మంది చేతుల్ని, ఒక్కో కండరాన్నీ పరీక్షించారు. అందరిలో ఒకటే ప్యాటర్న్ కనిపించింది. మోచేతి దగ్గర నరం దెబ్బతిని, అరచేతిలోని చిన్న కండరాలు పడిపోతున్నాయి. ముంజేతి కండరాలు చాలావరకు బాగానే ఉన్నాయి. అయితే బాగున్న కండరం తాలూకు టెండన్‌ని తీసుకెళ్లి పనిచెయ్యని వేళ్లకి కలిపితే? పోలియో రోగులకి అలాంటి ఆపరేషన్లు అప్పటికే ఉన్నాయి. కుష్ఠు రోగులకి మాత్రం ఎవరూ పెద్దగా ప్రయత్నించలేదు. వాళ్ల మాంసమే చెడిపోయిందని, కుట్టినా గాయం మానదని డాక్టర్లు కూడా నమ్మేవాళ్లు.

గాయాలు మానాయి. వేళ్లు విచ్చుకున్నాయి. కానీ ఆపరేషన్ అయినవాళ్లలో ఒకతను తిరిగొచ్చి, ఈ చేతులతో అడుక్కోవడం కూడా కుదరట్లేదని వాపోయాడు. చెయ్యి బాగుందని ఎవరూ డబ్బులు వెయ్యరు, జబ్బు భయంతో ఎవరూ పని ఇవ్వరు. నన్ను ఆపేసింది ఈ సంఘటనే. ఆపరేషన్ సక్సెస్, కానీ మనిషి బతుకు ఇంకా కష్టమైంది. అందుకే వేలూరులో నవజీవన కేంద్రం పెట్టి, రోగులు అక్కడే ఉండి చెక్కబొమ్మలు చెయ్యడం లాంటి పనులు నేర్చుకునే ఏర్పాటు చేశారు. ఒకప్పటి వడ్రంగం అక్కడ పనికొచ్చింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. వేళ్లు ఎందుకు అరిగిపోతున్నాయి? తుప్పు పట్టిన తాళం తెరుచుకోకపోతే ఒక చిన్న పిల్లాడు వచ్చి తాళంచెవి తిప్పేశాడు. చూస్తే వాడి వేలు ఎముకదాకా తెగింది, వాడికి తెలియనే లేదు. వేళ్లని తినేస్తున్నది జబ్బు కాదు, నొప్పి తెలియకపోవడం. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ క్రాష్ అవుతోంది, ఎర్రర్ మెసేజ్ మాత్రం రావట్లేదు.

ఈ సర్జరీ నేర్చుకోవడానికి వేరే దేశాలనుంచి కూడా డాక్టర్లు వేలూరు వచ్చేవాళ్లు. 1954లో యాక్సిడెంట్‌లో నడుము కిందంతా చచ్చుబడిన యువ డాక్టర్ మేరీ వర్గీస్‌కి చేతుల ఆపరేషన్లు కూర్చునే చెయ్యొచ్చని ధైర్యం చెప్పింది ఆయనే. ఆవిడ వీల్‌చెయిర్‌లోనే సర్జన్ అయ్యారు.

1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఇంజనీర్లతో కలిసి కృత్రిమ నొప్పి తయారు చెయ్యబోయారు. గ్లౌజుల్లో సెన్సర్లు పెట్టి, ఒత్తిడి ఎక్కువైతే అలారం మోగేలా చేశారు. అలారాన్ని రోగులు పట్టించుకోలేదు. కరెంట్ షాక్ పెడితే, పని అడ్డొచ్చినప్పుడు స్విచ్ ఆపేసేవాళ్లు. కొన్నేళ్ల తర్వాత ఆ ప్రాజెక్ట్ వదిలేశారు. నోటిఫికేషన్లు మ్యూట్ చేసుకునే మనకి ఇది బాగా అర్థమవుతుంది. నిజమైన నొప్పికి ఆఫ్ బటన్ లేకపోవడమే దాని గొప్పతనం.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలకీ ఇదే కారణంగా పుండ్లు పడుతున్నాయని గుర్తించి, ఒత్తిడి తగ్గించే కట్లు, చెప్పుల మీద పనిచేశారు. 2003లో సియాటిల్‌లో కన్నుమూశారు. నేను పుట్టకముందే.

మా తాతయ్యకి షుగర్. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోమని డాక్టర్ చెప్పారట. ఆయన వంగలేరు. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఆ పని నేనే చేశాను.