రబ్బీ యోసేపు కారో: విశ్రాంతిదినపు వేడి భోజనము

ధ్యానమునకు: నిర్గమ. 35:3; ద్వితీ. 5:14, యెషయా 58:13, మార్కు 2:27

విశ్రాంతిదినమున ఇంటిలో నిప్పు ముట్టించుటను మోషే ధర్మశాస్త్రము నిషేధించెను. ఆ దినమునే ఆనందదినముగా ఎంచవలెనని యెషయా బోధించెను. పొయ్యి రాజని యింట ఆనందమెట్లు? దీనికి యూదుల పెద్దలు చెప్పిన జవాబును క్రమముగా వ్రాసిపెట్టిన వారిలో యోసేపు కారో ముఖ్యుడు.

ఆయన స్పెయిను యూదుల కుటుంబమున 1488లో జన్మించెను. 1492లో రాజును రాణియు యూదులను ఆ దేశమునుండి వెళ్లగొట్టగా, నాలుగేండ్ల ప్రాయముననే పరదేశి ఆయెను. తురుష్కుల రాజ్యమున పెరిగి పండితుడై, తుదకు గలిలయలోని సఫెదు పట్టణము చేరి, అక్కడ బోధకుడుగాను న్యాయాధిపతిగాను ఉండెను. చెదరిన తన జనులు ఒక్కొక్క ఊర ఒక్కొక్క రీతిగా నడుచుట చూచి, అందరికి ఉపయోగపడునట్లు ధర్మవిధులను సమకూర్చెను. ఆ గ్రంథము పేరు షుల్హాన్ ఆరుఖ్, అనగా సిద్ధపరచిన భోజనపు బల్ల. అది 1565లో వెనిసులో అచ్చయ్యెను. ఆయన 1575లో సఫెదులోనే మరణించెను.

ఆ గ్రంథమున కుండను గూర్చియు విధులున్నవి. శుక్రవారము ప్రొద్దు గ్రుంకకముందే వంట కావలెను. కుండను పొయ్యిమీద విడిచిపెట్టుటకు నిప్పులను తీసివేయవలెను, లేదా బూడిదతో కప్పవలెను; కూడు చల్లారుచున్నదని మరపున ఎవరైనను నిప్పు ఎగదోయకుండుటకే ఈ విధి. కుండను గుడ్డలతోగాని ఈకలతోగాని చీకటి పడకముందే చుట్టవచ్చును. ఇసుక, సున్నము, ఎరువు మొదలగు వేడి పెంచువాటిలో కప్పిపెట్టరాదు. కట్టెపొయ్యి యెరిగిన మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పెద్దమ్మలకు ఇది వింత కాదు. నివురు గప్పిన నిప్పు కుండను ఎంతసేపు వెచ్చగా నుంచునో వారెరుగుదురు.

కరాయీయులను యూదులు ఆ దినమున ఏ నిప్పును ఉండరాదని చీకటిలో కూర్చుండి చల్లని కూడు తినెడివారు. రబ్బీలు దాని నొప్పుకొనలేదు. వేడి భోజనము ఆ దినమునకు గౌరవమని, కారో గ్రంథమునకు చేర్పులు వ్రాసిన పోలెండు పండితుడు మోషే ఇస్సెర్లెసు తెలిపెను.

ఈ విధులు మనకు కట్టుబాట్లని మేము చెప్పుట లేదు. విశ్రాంతిదినము మనుష్యుని మేలుకొరకే నియమింపబడెనని మన ప్రభువు బోధించెను. అయితే ఆ మేలు మన యింట అందరికి దొరకుచున్నదా? దాసికిని విశ్రాంతి కావలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆదివారపు ఆరాధనలో ఎవరి చోటు ఖాళీగా నున్నదో చూడుడి. కూర పొయ్యిమీద నున్నదని నిలిచిపోయిన తల్లిది, కోడలిది, పనిమనిషిది. మనము ప్రసంగము విని వచ్చి వారిని వేడి అన్నము అడుగుచున్నాము.

శనివారము సాయంత్రమే పురుషులును పిల్లలును చేయి వేసి, కూరలు తరిగి, నీళ్లు పట్టి, వంటపని ముగింపజేసినయెడల ఆమెయు మనతో కూర్చుండి పాడును. రాబోవు శనివారమే మొదలుపెట్టుదము. ప్రభువు మనకు సహాయము చేయును గాక.