ఉడ్‌స్టాక్ నుండి కాకినాడకు
టింపనీ దొరగారి జీవితము

ధ్యాన భాగము: యోహాను 12:24

కెనడా దేశపు అంటారియో రాష్ట్రములో ఉడ్‌స్టాక్ అను పట్టణము కలదు. 2021 జనాభా లెక్కల నాటికి అక్కడ 46 వేలమందికి పైగా నివసించుచుండిరి. అది పాడికి పేరుపొందిన సీమ. తన జీవితకాలములో లోకమందలి ఆవులన్నిటికంటె ఎక్కువ వెన్న ఇచ్చినదని ఒక ఆవునకు 1937లో అక్కడ విగ్రహము నిలిపిరి. దానికి సుమారు పది మైళ్ల దూరమున ఇంగర్సాల్ అను ఊరున్నది. 1866లో ఆ ఊరివారు 7,300 పౌనుల తూకముగల ఒకే జున్నుగడ్డను చేసి, ఇంగ్లాండు వరకు పంపి చూపించిరి. అనకాపల్లి సంతలో బెల్లపు దిమ్మెలు ఎరిగిన మన కశింకోట వారికి ఆ బరువు ఎంతో చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరము అక్టోబరులో, అదే ఇంగర్సాల్‌లో, బాప్తిస్టు సంఘములవారు కూడి విదేశ సువార్త పనికి ఒక సొసైటీని ఏర్పరచుకొనిరి. వారు మొదట ఎన్నుకొనినది అమెరికస్ వెస్పూసియస్ టింపనీ గారిని. ఆయన 1840లో అంటారియోలోని వియన్నా గ్రామమున జన్మించిరి. తలిదండ్రులు పూర్వపు సముద్రయాత్రికుని పేరు ఆయనకు పెట్టిరి. ఆ పేరుకు తగినట్లే ఆయనకు సముద్రయానము ప్రాప్తించెను.

ఆయన ఉడ్‌స్టాక్ విద్యాలయములో చదివిరి. 1860లో తెరచిన ఆ విద్యాలయము మరుసటి సంవత్సరమే అగ్నికి ఆహుతి కాగా, సంఘములవారు అధైర్యపడక తిరిగి కట్టించిరి. పాదిరి జాన్ బేట్స్ గారి కుమార్తె జేన్ అమ్మగారిని టింపనీ గారు వివాహమాడి, 1867లో ఓడనెక్కి, 1868లో చెన్నపట్నము చేరిరి. మొదట నెల్లూరులోను, పిమ్మట రామపట్నములోను అమెరికన్ బాప్తిస్టులతో కలిసి పనిచేసిరి.

ఇంతలో కాకినాడలో మన తెలుగువాడైన తామస్ గాబ్రియేలు గారు స్వతంత్రముగా సంఘము స్థాపించి, అప్పుల భారము మోయలేక కెనడావారి సహాయము కోరిరి. టింపనీ గారి తోడల్లుడు, ఉడ్‌స్టాక్‌లోనే చదివిన జాన్ మెక్లారిన్ గారు 1874 మార్చిలో కాకినాడ వచ్చి ఆ పని చేపట్టిరి. మరుసటి సంవత్సరారంభమునే గాబ్రియేలు గారు మరణించిరి. ఆయన వేసిన పునాది మాత్రము నిలిచెను. దొరల పేర్లు చెప్పుకొనునప్పుడు ఈ పేరును మరచుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము.

టింపనీ గారు సెలవుపై స్వదేశమునకు వెళ్లిన కాలమున విశ్రమింపక, 1876లో ఊరూర తిరిగి స్త్రీల మిషను సమాజములను కూర్చిరి. పల్లెటూరి తల్లులు కూడబెట్టిన చిన్న కానుకలు సముద్రము దాటి మన సీమకు చేరుటకు అది మార్గమాయెను. 1878లో ఆయన తిరిగివచ్చి కాకినాడ పని వహించిరి. 1885 ఫిబ్రవరిలో కలరా సోకి అక్కడనే ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరములే. విశాఖపట్నములోని టింపనీ పాఠశాల పేరు ఆయనను జ్ఞాపకము చేయుచున్నది.

ప్రియులారా, ఆ జున్నుగడ్డ కొంతకాలము లోకులకు వింతయై, తరువాత తినివేయబడెను. ఇంగర్సాల్ కూటమువారు పంపిన మనుష్యుడు నేలలో పడిన గోధుమగింజవలె ఫలించెను. ఒక ఊరు తనయొద్ద ఉంచుకొనిన దానివలన కాదు, ఇతరులకు ఇచ్చిన దానివలననే ధన్యమగునని మేము నమ్ముచున్నాము. మన సంఘములు చాలకాలము పుచ్చుకొన్నవి. మన పల్లెల నుండి మనము ఎవరిని, ఎక్కడికి పంపుచున్నాము? ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నను ఆలోచించుకొందము.